పాత ట్రాక్టరులో హైడ్రాలిక్ నూనె కాగుట: కారణములు, పరీక్షలు, చికిత్స

విద్యార్థులారా,

మీలో పెక్కండ్రు సేద్యగాండ్ర యిండ్లనుండి వచ్చినవారు. ట్రాక్టరు మీకు వింతవస్తువు కాదు. దాని వెనుకనున్న రెండు లిఫ్టు చేతులు నాగలిని ఎత్తుటయు దించుటయు మీరు చూచుచునే యున్నారు. అయినను, ప్రాతబడిన ట్రాక్టరులను గూర్చి రైతులు తరచుగా చెప్పుకొను ఫిర్యాదొకటి కలదు. “ఉదయము చక్కగా ఎత్తును. రెండు గంటలు దున్నిన పిమ్మట ఎత్తలేదు. నూనె కాగిపోవుచున్నది.” ఇదియే ఆ ఫిర్యాదు.

నాట్లకాలమున కాలువనీరు వచ్చు దినములు లెక్కకు లోబడినవి. ఆ దినములలో ట్రాక్టరు నిలిచినచో దమ్ము నిలుచును. దమ్ము నిలిచినచో నారు ముదురును. నారు ముదిరినచో పంట తగ్గును. కావున ఇది ఒక యంత్రమునకు వచ్చిన జబ్బు మాత్రమే కాదు, ఒక కుటుంబపు సంవత్సర గ్రాసమునకు సంబంధించిన విషయము. ఇట్టి తొందరలో ఒకరు చిక్కని నూనె పోయుమందురు. ఒకరు వాల్వు బిగింపుమందురు. మరియొకరు పంపును మార్చుమందురు. కారణము తెలియక చేసిన చికిత్స ఒక్కొక్కప్పుడు జబ్బుకంటె హెచ్చు నష్టము కలిగించును. భౌతికశాస్త్రములో మీరు చదివిన రెండు మూడు సూత్రములతోనే కారణమును క్రమముగా ఎట్లు కనుగొనవచ్చునో ఈ పాఠమున వివరించెదము.

1. నూనె చేయు పని

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశస్థుడగు బ్లేజ్ పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రముననుసరించియే ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. ట్రాక్టరు లిఫ్టు ఆ యంత్రమునకు మనుమడు వంటిది. చదరపు సెంటీమీటరునకు 100 కిలోగ్రాముల ఒత్తిడి గల నూనె, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముగల పిస్టనును 4,000 కిలోగ్రాముల బలముతో త్రోయును. నాగలి లేచుటకు మూలమిదియే.

ఈ నూనె బలమును మోయుటయేగాక మరి మూడు పనులు కూడ చేయును. రాయుచుండు భాగములకు కందెనగా నుండును. సందులను మూసి ఒత్తిడి జారిపోకుండ కాపాడును. పుట్టిన వేడిమిని ఇనుప పెట్టె గోడలకు చేర్చి గాలిలోనికి పంపును. పాత ట్రాక్టరులలో పెక్కింటియందు గేర్లకును లిఫ్టునకును ఒకే నూనె, ఒకే తొట్టి యుండును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు మనకు అక్కరకు వచ్చును.

2. వేడిమి ఎచ్చటినుండి వచ్చును?

పని వేడిమిగా మారునని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ చేసిన ప్రయోగమును మీరు చదివియుందురు. 1845లో ఆయన వర్ణించిన ఆ ప్రయోగమున దిగుచున్న బరువు ఒక తెడ్డుచక్రమును త్రిప్పగా నీరు వేడెక్కెను. ట్రాక్టరులో జరుగునదియు అదియే. ఒత్తిడితోనున్న నూనె బరువును ఎత్తినచో ఆ శక్తి బరువులో నిలుచును. బరువును ఎత్తక, ఇరుకు సందుగుండ దూరి ఒత్తిడిని పోగొట్టుకొన్నచో ఆ శక్తియంతయు నూనెలోనే వేడిమిగా మారును. ఈ పాఠమునకు ప్రాణము వంటి వాక్యమిది: పని జరుగకుండ ఎచ్చట ఒత్తిడి పడిపోవునో అచ్చట వేడిమి పుట్టును.

ఒక లెక్క చేయుదము. పంపు నిమిషమునకు 20 లీటర్ల నూనెను పంపుచున్నదనుకొనుడు. ఆ నూనె యంతయు 150 బార్ల ఒత్తిడిలో రిలీఫ్ వాల్వుగుండ వ్యర్థముగా తొట్టిలోనికి మరలి వచ్చుచున్నదనుకొనుడు. (ఒత్తిడి మితిమీరినప్పుడు తెరచుకొని గొట్టములు పగులకుండ కాపాడు కవాటమునకు రిలీఫ్ వాల్వు అని పేరు. బారనగా ఇంచుమించు చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము ఒత్తిడి.) 20 లీటర్లు 0.02 ఘనమీటరు; 150 బార్లు చదరపు మీటరునకు 1,50,00,000 న్యూటనులు. రెంటిని హెచ్చవేసినచో నిమిషమునకు 3,00,000 జౌళ్లు, అనగా 5 కిలోవాట్లు వచ్చును. స్నానపు నీరు కాచుకొను వెయ్యివాట్ల కడ్డీలు ఐదింటిని ఒక్కమారుగా నూనెలో ముంచినట్లయినది!

తొట్టిలో 30 లీటర్ల నూనె యున్నచో దాని బరువు ఇంచుమించు 26 కిలోగ్రాములు. ఒక కిలోగ్రాము నూనెను ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1,900 జౌళ్లు వలయును. కావున మొత్తము నూనెను ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 50,000 జౌళ్లు చాలును. నిమిషమునకు 3,00,000 జౌళ్లు వచ్చుచున్నవి గనుక నిమిషమునకు 6 డిగ్రీల చొప్పున వేడిమి పెరుగును. 35 డిగ్రీల నూనె పది నిమిషములలో 95 డిగ్రీలకు చేరవలెను. ఇనుప పెట్టె కొంత వేడిమిని పీల్చుకొనును, గాలి కొంత తీసికొనిపోవును. కావున నిజముగ ఇంతకంటె కొంత ఆలస్యమగును. అయినను, “ఏమియు చేయకుండ నిలిచిన ట్రాక్టరులో నూనె ఎట్లు కాగినది?” అను ప్రశ్నకు ఈ లెక్కయే ప్రత్యుత్తరము.

3. ఎంత వేడిమి అపాయకరము?

సాధారణముగా 40 మొదలు 60 డిగ్రీల వరకు నూనె సుఖముగా పనిచేయును. మన యెండకాలమున దీనికి మించి కొంత పెరిగినంతమాత్రమున భయపడనక్కరలేదు. 80 డిగ్రీలు దాటి నిలుకడగా నున్నచో రబ్బరు సీళ్లు గట్టిపడి పగులును, నూనె నల్లబడి మాడువాసన కొట్టును. మీదుమిక్కిలి, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు నూనె ఆయుర్దాయము ఇంచుమించు సగమగునని లెక్క.

ఇందులో ఒక విషవలయము కలదు. పేరిన నెయ్యి నిప్పు సెగకు కరగి జారినట్లు నూనె వేడెక్కినకొలది పలుచనగును. పలుచనైన నూనె అరిగిన సందులలో నుండి హెచ్చుగా కారును. కారినకొలది ఒత్తిడి వ్యర్థమై మరింత వేడిమి పుట్టును. ఉదయము ఎత్తిన లిఫ్టు మధ్యాహ్నమున ఎత్తకపోవుటకు ఇదియే కారణము.

4. మీ ట్రాక్టరు ఏ జాతిది?

పరీక్షకు పూర్వము లిఫ్టు ఏ విధమైనదో తెలియవలెను. ముఖ్యముగా రెండు విధములు కలవు.

మొదటిది ఫెర్గూసన్ పద్ధతి. హ్యారీ ఫెర్గూసన్ వృద్ధిచేసిన ఈ పద్ధతితో 1946లో టీ.ఈ.20 అను ట్రాక్టరు ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున తయారగుట ఆరంభమైనది. మదరాసులో 1960లో స్థాపింపబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరులను మన దేశమున చేయుటతో ఈ జాతి లిఫ్టు మన పల్లెలకును పరిచితమయ్యెను. పాత ఫెర్గూసన్ నమూనాలలో నాలుగు చిన్న పిస్టనులుగల పంపు వెనుక పెట్టెలోనే నూనెలో మునిగియుండును. దానిని అదుపుచేయు కవాటము పంపు నూనెను పీల్చుకొను వైపున నుండును. చేతులు కోరిన యెత్తున నిలువగానే ఆ కవాటము మూసికొనును. పంపునకు నూనె అందదు. కావున వ్యర్థమగు వేడిమి మిక్కిలి తక్కువ.

రెండవది గేరు పంపు పద్ధతి. ఇందు పంపు తిరుగుచున్నంతసేపు నూనె ప్రవహించుచునే యుండును. లివరు తటస్థముగా నున్నప్పుడు ఆ నూనె ఒత్తిడి లేకుండ తొట్టికి మరలిపోవును. లివరు తటస్థమునకు రాకపోయినచో మనము పైని చేసిన లెక్క అక్షరాల జరుగును.

5. కారణములు

(అ) నూనె తక్కువ యగుట. తక్కువ నూనె మాటిమాటికి తిరుగవలసివచ్చి చల్లారుటకు వ్యవధి చిక్కదు. పంపు గాలిని కూడ పీల్చును, నూనె నురుగెత్తును.

(ఆ) తగని నూనె. మరీ పలుచనిది కారును. మరీ చిక్కనిది ప్రవహించుటలోనే శక్తిని తినివేయును, పంపునకు సరిగా అందదు. ట్రాక్టరు పుస్తకములో చెప్పిన నూనెయే నూనె.

(ఇ) నీరు. దమ్ముచేయు ట్రాక్టరు గంటలకొలది బురదనీటిలో తిరుగును. అరిగిన సీళ్లగుండ నీరు చొచ్చినచో నూనె మజ్జిగవలె తెల్లబడును. అట్టి నూనె కందెనగా పనికిరాదు.

(ఈ) జల్లెడ పూడుట. పీల్పు గొట్టపు జల్లెడ మడ్డితో పూడినచో పంపు ఉపవాసముండి ఏడ్చును. సన్నని కూతయు, లోపల గులకరాళ్లు దొర్లినట్టి చప్పుడును వినబడును.

(ఉ) లివరు తటస్థమునకు రాకపోవుట. ట్రాలీ తొట్టి పూర్తిగా లేచిన పిమ్మటకూడ లివరును పట్టియుంచుట, లేదా త్రాటితో కట్టివేయుట తరచుగా జరుగు పొరపాటు. లిఫ్టు చేతుల పైహద్దు సరిగా అమర్చబడకున్నను ఇదే ఫలితము.

(ఊ) రిలీఫ్ వాల్వు చెడుట. చెత్త అడ్డుపడి మూసికొనక పోవచ్చును. స్ప్రింగు నీరసించి ముందుగానే తెరచుకొనవచ్చును.

(ఋ) పంపు, పిస్టను సీళ్లు అరుగుట. సీళ్లు కారినచో ఎత్తిన నాగలి మెల్లగా దిగును, కవాటము దానిని మరల ఎత్తును, మరల దిగును. చేతులు తలయూపినట్లుండును.

(ౠ) చల్లారుటకు అడ్డు. కూలరు లేని పాత ట్రాక్టరునకు ఇనుప పెట్టె గోడలే కూలరు. దానిపై అంగుళము మందమున ఎండిన బురద కంబళివంటిది. కూలరు గలదానికి ఊకయు దుమ్మును అడ్డుపడును.

(ఎ) లిఫ్టునకు సంబంధము లేని వేడిమి. గేర్లకు, లిఫ్టునకు ఒకే నూనె యని పైని చెప్పితిమి. కొన్ని ట్రాక్టరులలో బ్రేకులు కూడ ఆ నూనెలోనే మునిగియుండును. బ్రేకు పట్టియుండి రాయుచున్నచో నూనె కాగును. నింద మాత్రము లిఫ్టుమీద పడును.

6. పరీక్షాక్రమము

ఖర్చు లేని పరీక్ష ముందు. పానా పట్టవలసిన పరీక్ష వెనుక. ఇది నియమము.

మొదటి పరీక్ష: వేడిమిని కొలుచుట. చేతితో తాకి చెప్పిన మాట నమ్మదగినది కాదు. 60 డిగ్రీల ఇనుమే చేతికి నిప్పువలె తోచును. తాకకుండ కొలుచు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నేడు సులభముగా దొరకును. పని ఆరంభించునప్పుడును, తరువాత అరగంట కొకసారియు, ఒకేచోట కొలిచి కాగితముపై వ్రాయుడు.

రెండవ పరీక్ష: నూనెను చూచుట. సమతలమున నిలిపి, చేతులను దించి, ఇంజను ఆపి కొలబద్దతో మట్టము చూడుడు. రంగు, వాసన, నురుగు గమనింపుడు. నీరున్నదను అనుమానము కలిగినచో కాగిన ఇనుపరేకుపై ఒక చుక్క వేయుడు, చిటపటలాడినచో నీరున్నది.

మూడవ పరీక్ష: వేరుచేయుట. అన్నిటికంటె విలువగల పరీక్ష యిది. ట్రాక్టరును కదలక నిలిపి, చేతులను దించి, లివరును తటస్థమున నుంచి ఇంజనును పదిహేను నిమిషములు నడుపుడు. వేడిమి వ్రాసికొనుడు. పిదప చేతులను ఎత్తియుంచి మరల పదిహేను నిమిషములు నడుపుడు. రెండవమారు మాత్రమే వేడిమి త్వరగా పెరిగినచో దోషము లివరు అమరికలోనో, రిలీఫ్ వాల్వులోనో, సీళ్లలోనో కలదు. రెండుమారులును పెరుగక, రోడ్డుపై బరువు లాగినప్పుడే పెరిగినచో లిఫ్టును వదలి బ్రేకులను, గేర్లను చూడుడు.

నాలుగవ పరీక్ష: దిగుట. నాగలిని ఎత్తి, ఇంజను ఆపి, నేలనుండి దాని యెత్తును కొలువుడు. కొంతసేపటికి మరల కొలువుడు. త్వరగా దిగినచో నూనె పిస్టను సీళ్లవద్దనో కవాటములవద్దనో కారుచున్నది.

అయిదవ పరీక్ష: గడియారము. ఒకే నాగలి, ఒకే ఇంజను వేగము. ఉదయము చల్లనినూనెతో చేతులు లేచుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో, మధ్యాహ్నము ఎన్ని పట్టెనో చూడుడు. వేడిమీద చాల ఆలస్యమైనచో లోపల అరుగుదల యున్నది. చల్లగా నున్నప్పుడే ఆలస్యమై కూతపెట్టి, వేడెక్కిన పిమ్మట బాగుపడినచో జల్లెడను, నూనె చిక్కదనమును అనుమానింపుడు.

ఆరవ పరీక్ష: జల్లెడ. దానిని విప్పి కిరోసినుతో కడుగుడు. మడ్డిలో అయస్కాంతమును త్రిప్పుడు. సన్నని ఇనుపపొడి కొంచెమున్న సహజము. తునుకలున్నచో లోపల ఏదియో విరుగుచున్నది. అయస్కాంతమునకు అంటని పసుపుపచ్చని రజను ఇత్తడిజాతి భాగముల అరుగుదలకు గుర్తు.

ఈ ఆరింటను తేలకపోయినచో ఒత్తిడి గడియారము గల మెకానిక్కు వద్దకు పోవలెను. మీరు వ్రాసిన కాగితమును కూడ తీసికొనిపోవుడు. “కాగుచున్నది” అని చెప్పువానికంటె “చేతులు ఎత్తియుంచిన పదిహేను నిమిషములలో 20 డిగ్రీలు పెరిగినది” అని చెప్పువానికి తక్కువ ఖర్చుతో పని ముగియును.

7. దృష్టాంతములు

రెండు ట్రాక్టరులు ఒకే ఫిర్యాదుతో వచ్చినవనుకొందము. మొదటిదానిలో నూనె మట్టము సరి, రంగు సరి, చేతులు దించినపుడు వేడిమి లేదు, ఎత్తియుంచినప్పుడు సన్నని కూతతో వేడిమి వడిగా పెరుగుచున్నది. లివరును వ్రేలెడంత క్రిందికి జరుపగనే కూత ఆగినది. ఇందు పంపునకు జబ్బు లేదు. చేతులు పైహద్దునకు చేరినను కవాటము తటస్థమునకు రాలేదు. నూనె రిలీఫ్ వాల్వుగుండ పోవుచున్నది. అమరికను సరిచేసినచో చాలును.

రెండవదానిలో కూత లేదు. చేతులు తలయూపుచున్నవి. ఇంజను ఆపగనే నాగలి కొద్ది నిమిషములలో నేల తాకుచున్నది. ఉదయము మూడు సెకండ్లలో లేచినది మధ్యాహ్నమున ఎనిమిది సెకండ్లు తీసికొనుచున్నది. ఇందు సీళ్లు ముందు చూడవలసినవి. ఆ పిమ్మట పంపు. ఫిర్యాదు ఒకటియైనను జబ్బులు వేరు. మొదటి రైతు పంపు మార్చినచో వేలకొలది రూపాయలు నూనెలో పోసినట్లే. మరల అదే వేడిమి.

8. చేయరాని పనులు

చిక్కని నూనె పోసి జబ్బును కప్పరాదు. ఆనాటికి లిఫ్టు లేచినను, మరునాటి ఉదయము చల్లని చిక్కని నూనె అందక పంపు అరిగి నశించును.

లిఫ్టు బలహీనమైనదని రిలీఫ్ వాల్వును బిగింపరాదు. అది యంత్రమునకు ప్రాణరక్షణము. దానిని బిగించినచో గొట్టమైనను పగులును, పెట్టెయైనను చీలును.

ఎత్తియుంచిన నాగలి క్రిందికి గాని, ట్రాలీ తొట్టి క్రిందికి గాని ఎంతమాత్రమును దూరరాదు. కారు సీలు ఎవ్వరిని దయదలపదు. గట్టి దిమ్మలు పెట్టిన పిమ్మటనే పని.

కారుచోటు చేతితో తడిమి వెదకరాదు. సూదిబెజ్జమంత రంధ్రమునుండి వెడలు నూనె చర్మమును చీల్చుకొని లోనికి దూరును. మొదట చీమ కుట్టినట్లుండును. నొప్పి కూడ అంతగా తెలియదు. కాని లోపలి కండ చెడి వ్రేలు, ఒక్కొక్కప్పుడు చేయి, తీసివేయవలసివచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, చిన్న గాయమేయని ఒక్క గంటయైనను ఆలసింపక, శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోయి “ఒత్తిడి నూనె లోనికి దూరినది” అని స్పష్టముగా చెప్పవలెను. కారుచోటు వెదకుటకు అట్టముక్క చాలును.

కాగిన నూనెను వెంటనే దించరాదు, ఒడలు కాలును. దించిన పాతనూనెను కాలువలోనో చెరువులోనో పోయరాదు. ఆ నీరు పైరులకును పశువులకును కావలసినది.

9. ముగింపు

మన పెద్దలు బండి ఇరుసునకు కందెన పెట్టునప్పుడు చక్రము చప్పుడు విని, ఇరుసు తాకి చూచి, జబ్బు తెలిసికొనెడివారు. ట్రాక్టరు వచ్చినను ఆ శ్రద్ధ పోరాదు. దానికి కొలతయు లెక్కయు తోడు కావలెను. వేడిమి శత్రువు కాదు, వార్తాహరుడు. ఎచ్చటనో శక్తి పని చేయక వ్యర్థమగుచున్నదని అది మనకు తెలుపుచున్నది. ఎచ్చట యని అడుగుటయే మన పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఖర్చులేని మొదటి రెండు పరీక్షలనైన మీ తండ్రులకు, అన్నలకు చేసి చూపుడు. దమ్ము ఆరంభమగుటకు పూర్వమే చూపుడు.

అభ్యాసము

1. పంపు నిమిషమునకు 15 లీటర్లు, ఒత్తిడి 120 బార్లు, తొట్టిలో నూనె 25 లీటర్లు. నూనె యంతయు రిలీఫ్ వాల్వుగుండ పోయినచో నిమిషమునకు వేడిమి ఇంచుమించు ఎన్ని డిగ్రీలు పెరుగును?

2. ఎత్తిన నాగలి నిలిచియున్నది, దిగుటలేదు. కాని రోడ్డుపై పోవునపుడు ఒక చక్రమువైపు ఇరుసు పెట్టె మాత్రము కాగుచున్నది. ఏ భాగమును ముందు పరీక్షింతురు? ఏల?

3. బురద కప్పిన ఇనుప పెట్టెకును, కంబళి కప్పుకొన్న మనుష్యునికిని గల పోలికను ఉష్ణప్రసారసూత్రముల ననుసరించి వివరింపుడు.